కారల వెలుగు

మా పల్లెలో కరెంటు లేని రోజులవి. ఊళ్లో ఉంది. ఊరికీ మా మాదిగపల్లెకీ మధ్య రెండు స్తంభాల దూరం. ఆ రెండు స్తంభాలు పాతటానికి పదకొండేళ్లు పట్టింది. అందుకని నా చిన్నతనమంతా కిరసనాయిలు బుడ్డి కిందే గడిచింది. అదీ నూనె ఉన్న రోజున. లేని రోజున పొద్దుగూకంగానే తిని పడుకోవటమే.

అట్లాంటి ఒక రాత్రి, నాకు ఏడేళ్లుంటాయి, దాహమై లేచాను. మూలనున్న చాటలో ఏదో వెలుగుతోంది. నిప్పయితే ఎర్రగా ఉంటది. ఇది నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. మిణుగురులైతే ఎగురుతాయి, ఆరతాయి, మళ్లీ వెలుగుతాయి. ఇది కదలటం లేదు, ఆరటం లేదు. చాట నిండా పరుచుకోనుంది. గొంతు చించుకుని అరిచాను. అమ్మ లేచింది, నాయన లేచాడు. నాయనమ్మ మాత్రం లేవలేదు. పడుకునే అంది.

"కారలురా. పండుకో."

మాది చీరాలకి దక్షిణాన, సముద్రానికి ఐదు మైళ్ల లోపలున్న ఊరు. వరి పనులు, పొగాకు పనులు లేని నెలల్లో మా అమ్మా, ఇంకో నలుగురు ఆడోళ్లూ కోడికూతకే లేచి రేవుకి నడిచిపోయేవాళ్లు. అలివి వల ఒడ్డుకి లాగినాక చేపలు ఏరటం, ఉప్పు పట్టించటం, ఇసక మీద ఎండబెట్టటం వాళ్ల పని. కూలి సగం డబ్బులు, సగం చేపలు. వంజరం, చందువ మా తట్టలోకి వచ్చేవి కాదు. అవి ఐసు పెట్టెల్లోకి పోయేవి. మాకొచ్చేవి కారలు. కార అంటే అరచెయ్యంత కూడా ఉండదు. వెండి రేకులాగా పల్చగా, ముట్టుకుంటే జిగటగా, తింటే ముళ్లుగా ఉంటది. నోరు పట్టుకుని లాగితే ముందుకి గొట్టంలాగా సాగుతది. పెద్దింటోళ్లు దాన్ని కోళ్లకేస్తారు, పొలంలో ఎరువుకేస్తారు. మేం పులుసు పెట్టుకుంటాం. మిగిలినవి ఎండబెట్టి వానాకాలానికి దాచుకుంటాం.

నాయనమ్మకి కారల సంగతి బాగా తెలుసు. వెలిగే కార తినొచ్చు అనేది. వెలుగు ఆరిపోయి కంపు మొదలైతే పారెయ్యమనేది. ఉప్పునీళ్లు చల్లితే వెలుగు నిలుస్తదనీ, మంచినీళ్లు పోస్తే చచ్చిపోద్దనీ చేసి చూపించింది కూడా. ఈ రెండు సంగతులూ నేను మళ్లీ పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. నథానియల్ హ్యూమ్ అనే లండన్ డాక్టరు 1800లో వాటిని కనిపెట్టాడని అందులో ఉంది. కనిపెట్టినాయన గొప్పోడే, కాదనను. మా నాయనమ్మ అప్పటికి చచ్చిపోయింది. బతికుంటే చెప్పేవాణ్ణి, నీ మాట అచ్చులో పడిందే అని.

బళ్లో ఆ కారలే నా పరువు తీశాయి. ఆరో తరగతికి ఊరి బడికి పోయాను. వానాకాలం మా ఇళ్లల్లో అన్నీ ఎండుచేపల వాసనే. బట్టలకి, పుస్తకాలకి, జుట్టుకి పట్టేది. పక్కన కూచున్న పిల్లోడు ముక్కు మూసుకుని లేచి పోయేవాడు. అయ్యవారు స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చిన రోజున "ఎస్సీలు లేవండ్రా" అనేవాడు. ఆ మాట అనకముందే మా బెంచీ ఏదో అందరికీ తెలుసు, ముక్కుతోనే తెలుసు. వాసన పోవాలని నేను చొక్కాని నిమ్మకాయతో రుద్దుకుని పోయేవాణ్ణి. అప్పుడు రెండు వాసనలు వచ్చేవి.

ఇంటర్మీడియట్ తెలుగు మీడియంలో చదివాను. జంతుశాస్త్రంలో వర్గీకరణ అని పాఠం ఉంది. వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. తమలో తాము కలిసి పిల్లల్ని కనగలిగే జీవుల గుంపే జాతి అని నిర్వచనం. మనుషులంతా ఒకే జాతి అని లెక్చరరు చెప్పి, అదేదో మామూలు సంగతన్నట్టు తర్వాత పేజీ తిప్పాడు. నాకు తిప్పబుద్ధి కాలేదు. ఆ శనివారం హాస్టల్నుంచి ఇంటికి పోయి నాయనకి చెప్పాను. నాయన అరుగు మీద చెప్పు కుడతన్నాడు. ఆరె పక్కన పెట్టి, "పుస్తకంలో ఉందా?" అన్నాడు.

"ఉంది నాయనా."

"అచ్చులోనేనా?"

"అచ్చులోనే."

"అయితే ఆ పుస్తకం రాసినాయన్ని ఒకసారి ఊరి బావికాడికి రమ్మను" అన్నాడు. మళ్లీ ఆరె తీసుకున్నాడు.

నేను ఎమ్మెస్సీ అయి పరిశోధనలో చేరింది 1992లో. యూనివర్సిటీ పేరు రాయను. మా గైడు పేరు కూడా రాయను. ఆయన్ని బజారుకీడ్వటానికి నేనీ కాగితాల ముందు కూచోలేదు. నా మెస్సు బాకీ రెండుసార్లు కట్టినాయన ఆయనే. ఇంకా ఏం చేశాడో ముందు ముందు చెబుతా.

ఏ అంశం తీసుకుంటావని అడిగితే వెలిగే బాక్టీరియా అన్నాను. ఆయన సంతోషించాడు. ఆ రోజుల్లో దానికి గిరాకీ. కోస్తా పొడుగూ రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. రొయ్యపిల్లల్ని పెంచే హేచరీల్లో రాత్రిపూట తొట్లు వెలిగేవి. వెలిగాయంటే పిల్లలు చచ్చినట్టే. విబ్రియో హార్వేయి అనే బాక్టీరియా చేసే జబ్బు అది. లక్షలు పోతుంటే మందు చెప్పే సైంటిస్టుల కోసం హేచరీల వాళ్లు తిరిగేవాళ్లు. మా ఊరి దగ్గర సర్కారు మావాళ్లకి పట్టాలిచ్చిన ఉప్పునేలలు కూడా కౌలు పేరు మీద చెరువులైపోయాయి. పక్కనున్న మా మంచినీళ్ల బావి ఉప్పెక్కింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చిందాకా ఆ బావి నీళ్ల గురించి అడిగినోడు లేడు. హార్వేయి మీద పని చెయ్యమని గైడు అన్నాడు. చేస్తాను, దాంతోపాటు కార చేప మీద కూడా చేస్తానన్నాను. "కారా? అదేం చేప?" అన్నాడు. ఆయనింట్లో చేపలు వండరు.

కార చేప వెలుగు ఎక్కడుంటదో అప్పటికి నాకు పుస్తకాల్లో దొరికింది. దాని అన్నవాహిక చుట్టూ ఉంగరంలాగా ఒక చిన్న తిత్తి ఉంటది. ఆ తిత్తిలో బాక్టీరియా కాపురముంటాయి. వాటి వెలుగు లోపలి గాలితిత్తి మీద పడి, పల్చటి పొట్ట గుండా కిందికి దిగుతది. పైనుంచి వచ్చే వెల్తురులో చేప నీడ కింద ఉన్న పెద్ద చేపకి కనపడకుండా అది కాపాడతది. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ఈ బాక్టీరియా తల్లి చేపనుంచి పిల్లకి రావు. ప్రతి పిల్లా తనంతట తను సముద్రపు నీళ్లలోంచి వాటిని తెచ్చుకోవాల్సిందే. పుట్టుకతో వచ్చే వెలుగు కాదది.

ఈ బాక్టీరియాకి ఫోటోబాక్టీరియం లెయోగ్నథి అని 1967లో పేరు పెట్టారు, కార చేప శాస్త్రీయనామం మీదుగా. ఇట్లా ప్రతి పేరు వెనకాలా ఒక చరిత్ర ఉంది. ఫోటోబాక్టీరియం అనే ప్రజాతి పేరు 1889లో డచ్చి శాస్త్రవేత్త బైయరింక్ పెట్టింది. ఫిషరి అనే జాతి పేరు, వెస్టిండీస్ సముద్రంలో వెలిగే బాక్టీరియాని పట్టిన జర్మను నౌకాదళ డాక్టరు ఫిషర్‌ది. హార్వేయి అనేది అమెరికాలో ఈ వెలుగుల మీదే జీవితమంతా గడిపిన హార్వే పేరు. ఇంకా వెనక్కి పోతే రాబర్ట్ బాయిల్. 1672లో ఆయనింట్లో వేలాడదీసిన దూడమాంసం చీకట్లో వెలిగింది. ఆయన దానిమీద వ్యాసం రాశాడు. ఆ వెలుగుని మొదట చూసి భయపడింది ఆ ఇంట్లో పనిచేసే మనిషి. ఆ సంగతి బాయిలే రాశాడు. పేరు మాత్రం రాయలేదు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మాంసం కొట్లోకి రాత్రిపూట పోయేది పనిమనిషి కాక ఇంకెవరు?

కొత్త జాతిని గుర్తించటం ఎట్లాగో చెప్పాలి. చాలామంది మైక్రోస్కోపులో చూస్తే తెలుస్తదనుకుంటారు. తెలవదు. మైక్రోస్కోపులో ఇవన్నీ ఒకేలాంటి పొట్టి కడ్డీలు. పొద్దున్నే మొదటి బస్సుకి రేవుకి పోయి, ఇంకా కదులుతున్న కారల్ని ఐసులో పెట్టి తెచ్చేవాణ్ణి. పైన స్పిరిటుతో తుడిచి, కోసి, గొంతు చుట్టూ ఉన్న ఉంగరాన్ని తీసి, మరిగించి చల్లార్చిన సముద్రపు నీళ్లలో నూరేవాణ్ణి. దాన్ని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పల్చన చేసి ప్లేట్ల మీద పరిచేవాణ్ణి. ప్లేట్లలో ఉండేది ముప్పాతిక వంతు సముద్రపు నీళ్లు, పావువంతు మామూలు నీళ్లు, పెప్టోను, ఈస్టు సారం, కొంచెం గ్లిజరిన్, గట్టిపడటానికి అగార్. మర్నాటికి చుక్కలు చుక్కలుగా గుంపులు కడతాయి. అప్పుడు చీకటి గదిలోకి పోవాలి. తలుపు సందులకి నల్లగుడ్డ కుక్కాలి. పది నిమిషాలు ఊరికే కూచోవాలి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి. వెలిగే చుక్కని పళ్లపుల్లతో తాకి ఇంకో ప్లేటు మీద గీస్తాం.

అక్కడ్నించి పరీక్షలు. ఉప్పు లేకపోతే పెరుగుతుందా? ఎంత ఉప్పు తట్టుకుంటది? ఎంత చలిలో, ఎంత వేడిలో బతుకుతది? ఏ చక్కెర తింటది, ఏ ఆమ్లం తింటది, పిండిని కరిగిస్తదా, కొవ్వుని కరిగిస్తదా? ఒక్కోదానికి నలభై, యాభై పరీక్షలు చేసేవాణ్ణి. ఇవన్నీ తేడా వచ్చినా సరిపోదు. తెలిసిన జాతుల డీఎన్ఏతో కలిపి చూడాలి. డెబ్బై శాతానికి పైన కలిస్తే ఒకే జాతి, తక్కువైతే వేరు అని 1987లో నిపుణుల సంఘం గీత గీసింది. ఇప్పుడైతే మొత్తం జన్యుపటాన్నే చదివి, తొంభై అయిదు తొంభై ఆరు శాతం దగ్గర గీత గీస్తున్నారు. అన్నీ తేలినాక ఆ బతికున్న బాక్టీరియాని రెండు దేశాల్లోని భాండాగారాల్లో దాచి, ఎవరడిగినా ఇచ్చేట్టు పెట్టాలి. అప్పుడే పేరు చెల్లుతది. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మరు. ప్రపంచంలో ఎవడైనా తెప్పించుకుని నువ్వు చేసిన పరీక్ష మళ్లీ చేసుకోవచ్చు.

పేరు పెట్టాక కూడా అది శాశ్వతం కాదు. హార్వేయి 1936లో పుట్టినప్పుడు అక్రోమోబాక్టర్. తర్వాత లూసిబాక్టీరియం, ఆ తర్వాత బెనెకియా, చివరికి విబ్రియో అయింది. హార్వేయి అని ప్రపంచమంతా ఏళ్ల తరబడి పరిశోధనలు చేసిన ఒక ప్రసిద్ధమైన రకం అసలు హార్వేయే కాదు, క్యాంప్‌బెల్లి అని 2010లో తేలింది. ఫిషరి ప్రజాతి 2007లో మారింది. సాక్ష్యం చూపిస్తే బాక్టీరియా జాతి మారుతది. మా నాయన దగ్గర సాక్ష్యాలు చాలా ఉండేవి, చూసేవాళ్లే లేరు.

1995 వేసవి. పదిహేడో చేప. కార మొదటి అక్షరం పెట్టి నేను వాటికి కె-1, కె-2 అని నెంబర్లు ఇచ్చుకుంటా వస్తున్నా. కె-17 ప్లేటు తీసుకుని చీకట్లో కూచున్నా. పది నిమిషాలైంది. చుక్కలు బయటపడ్డాయి. రెండు రకాలున్నాయి. కొన్ని కళ్లకి గుచ్చుకునేంత వెలుగు, కొన్ని మెత్తని వెలుగు. తప్పు చూశానేమోనని కళ్లు మూసి తెరిచాను. రెండు రకాలే. రెంటినీ విడివిడిగా గీసి పెంచాను. కె-17ఏ, కె-17బి. నాలుగు తరాలు మార్చి చూశాను. ఎక్కువది ఎక్కువగానే, తక్కువది తక్కువగానే వచ్చాయి. యాభై పరీక్షల్లో నాలుగైదు తేడా వచ్చాయి. ఒకే చేప గొంతులో రెండు రకాలు!

పాత పత్రికలు తిరగేశాను. 1970లో స్కాట్లండులో హెండ్రీ, హాడ్కిస్, షివన్ అనే ముగ్గురు ఫోటోబాక్టీరియం మండపమెన్సిస్ అని ఒక జాతికి పేరు పెట్టారు. మండపం మనకి తెలిసిన ఊరే, రామేశ్వరం పక్కన, మన్నార్ సింధుశాఖ ఒడ్డున ఉంది. ఇంగ్లీషు పత్రికలో లాటిన్ తోకతో మండపం కనపడేసరికి ఎవరో సొంతమనిషి ఎదురైనట్టయింది. కానీ ఐదేళ్లకే, 1975లో, అది వేరే జాతి కాదు, లెయోగ్నథియే అని ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు కలిపేశారు. పేరు కొట్టేశారు. కొట్టేసింది తప్పేమోనని నాకు అనుమానం వచ్చింది. లేదా నా చేతిలో ఉన్నది అదీ కాదు, ఇదీ కాదు, ఇంకా పేరే లేనిదేమో. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పేరు పెట్టాల్సొస్తే ఏం పెట్టాలా అని ఆలోచించాను. ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నా. మా నాయనమ్మ పేరుకి లాటిన్ తోక తగిలించి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను.

పొద్దున్నే ప్లేట్లు తీసుకుని గైడు దగ్గరికి పోయాను. చీకటి గదికి రమ్మన్నాను. టైము లేదన్నాడు. ట్యూబులైటు కింద మూత తీసి చూశాడు. లైటు కింద రెండూ ఒకేలాగుంటాయి.

"ఒక చేపలో ఒక జాతే ఉంటుందయ్యా. ఇది కంటామినేషన్."

నాలుగుసార్లు మార్చి చూశానని చెప్పాను.

"నాలుగుసార్లు కంటామినేట్ చేశావన్నమాట. ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవటం నేర్చుకో. ఇంటిదగ్గరి అలవాట్లు ల్యాబులోకి తేకూడదు."

గదిలో ఇంకా ముగ్గురు స్కాలర్లున్నారు. ఒకడు నవ్వాడు. ఇద్దరు తల వంచుకుని రాసుకుంటన్నారు. కంటామినేషన్‌కి తెలుగు మాట ఏంటో మీకు తెలుసు. మా ఇళ్లల్లో పుట్టిన ప్రతివాడూ నడక రాకముందే నేర్చుకునే మాట.

నేను చేతులు కడిగాను. సబ్బుతో కడిగి, డెట్టాలుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, దీపం మంట పక్కన పెట్టి పనిచేశాను. నెల తిరిగేసరికి వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం వచ్చింది. కె-18 నుంచి కె-40 దాకా ఇరవైమూడు చేపలు కోశాను. ఐదింటిలో మళ్లీ రెండు రకాలొచ్చాయి. ఆ ఐదు ప్లేట్లు తీసుకుని ఆయన గది దాకా పోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నిలబడి నిలబడి తిరిగొచ్చేశాను. ఇదీ నేను చేసింది. ఫెలోషిప్ కాగితం మీద ఆయన సంతకం కావాలి, హాజరు మీద ఆయన సంతకం కావాలి, డీఎన్ఏ పరీక్షకి బయట ల్యాబుకి పంపాలంటే ఆయన సంతకం కావాలి. కారణాలు ఎన్నయినా చెప్పొచ్చు. థీసిసులో ఒక రకమే రాశాను, లెయోగ్నథి అని. రెండోదాన్ని రాయలేదు.

మరుసటి ఏడు అమ్మ యూనివర్సిటీ చూడటానికొచ్చింది. సంచిలో ఎండుకారల పొడి తెచ్చింది. ఆదివారం. ల్యాబులో ఎవరూ లేరు. చీకటి గదిలోకి తీసుకుపోయి స్టూలు మీద కూచోబెట్టాను. కళ్లకి అలవాటు కావాలి, పది నిమిషాలు ఆగమ్మా అన్నాను. "మాకెందుకురా ఆగటం, మేముండేదే చీకట్లో గదా" అని నవ్వింది. ప్లేటు చేతికిచ్చాను. పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది మన కారల వెలుగే గదరా."

"అవునమ్మా."

"దీనికా ఇన్నేళ్లు చదూతన్నావు?" అంది. కాసేపాగి, వేలు పెట్టి చూపించింది. "ఇయ్యి ఒకటి గాదే. ఇది పెద్దెలుగు, ఇది సన్నెలుగు."

అవునూ కాదూ అనలేదు నేను. సీసాలో పెంచిన కల్చరు తీసి చూపించాను. కదపకుండా ఉంచితే మసకగా ఉంటది. గట్టిగా ఊపితే గాలి కలిసి, నీళ్లంతా భగ్గుమని వెలుగుతది. ఆక్సిజన్ ఉంటేనే ఆ వెలుగు. అమ్మ సీసా తీసుకుని చిన్నపిల్ల మాదిరి పదిసార్లు ఊపింది. ఇవి కొన్నే ఉన్నప్పుడు వెలగవు, గుంపు చిక్కబడితేనే వెలుగుతాయని కూడా చెప్పాను. 1970లో అమెరికాలో నీల్సన్, హేస్టింగ్స్ వాళ్లు బయటపెట్టిన సంగతది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా సభల్లో మిత్రులు చప్పట్లు కొట్టి ఉపన్యాసాల్లో వాడుకుంటారు. నాకు మాత్రం వాడుకోబుద్ధి కాదు. బాక్టీరియాకి వాటి పని వాటికుంది.

1997లో ప్రభుత్వం ఎస్సీ కులాల్ని ఏ, బీ, సీ, డీలుగా విడదీస్తా ఉత్తర్వులిచ్చింది. దండోరా జోరుగా ఉన్న రోజులు. ఇంటికి పోతే, "ఏం పని చేస్తన్నావురా ఆడ?" అని నాయన అడిగాడు. వర్గీకరణ మీద అన్నాను. నాయన ముఖం వెలిగిపోయింది. అది కాదు నాయనా, బాక్టీరియా వర్గీకరణ అని, ఒక చేపలో ఏ అనీ బీ అనీ రెండు రకాలు పట్టాననీ చెప్పాను. "మీ పురుగుల్లో కూడా ఏబీసీడీలొచ్చాయా! మరి ఏ ముందా, బీ ముందా? ఎవుడి వాటా ఎవుడు తింటన్నాడు?" అని పల్లెంతా వినపడేట్టు నవ్వాడు. ఆయన అట్లా నవ్వటం నేను చూసింది తక్కువ.

డిగ్రీ వచ్చింది. ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. కె-17ఏ, కె-17బి, మిగతా ఐదు జతలూ స్లాంట్లుగా ల్యాబు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. భాండాగారానికి పంపాలంటే మళ్లీ సంతకం కావాలి. తర్వాత పంపుదాంలే అనుకున్నా. రెండేళ్లకి పోయి అడిగితే ఫ్రిజ్ శుభ్రం చేశామన్నారు. ఎవరో పాతవి, లేబుళ్లు చెదిరినవి, ఆటోక్లేవులో పెట్టి పారబోశారట. వాళ్ల తప్పేం లేదు. ఏ ల్యాబులోనైనా అంతే.

ఒకసారి రిఫ్రెషర్ కోర్సుకని హైదరాబాదు పోయినప్పుడు, అక్కడ లైబ్రరీ కంప్యూటర్లో పత్రికలు చూస్తుంటే 2004లో వచ్చిన ఒక పేపరు తగిలింది. ఆస్ట్, డన్‌లాప్ అనే అమెరికా వాళ్లది. లెయోగ్నథి అని అందరూ అనుకుంటున్న దాంట్లో, వెలుగునిచ్చే లక్స్ జన్యువుల్ని చదివితే, రెండు వేరు వేరు కొమ్మలున్నాయని రాశారు. ఒక కొమ్మలో లక్స్-ఎఫ్ అనే జన్యువు ఉంది, రెండోదాంట్లో లేదు. 1975లో కొట్టేసిన మండపమెన్సిస్ పేరు మళ్లీ లేచింది. 2007లో ఇంకో పేపరొచ్చింది. ఒకే చేప వెలుగుతిత్తిలో ఈ రెండూ కలిసి కాపురముండటం కూడా ఉందని అందులో ఉంది. ఆ పేజీ ముందు కూచుని నేను నా చేతులు చూసుకున్నాను. వేళ్ల సందుల్లో మచ్చలు ఇప్పటికీ తెలుస్తాయి.

నేను కనిపెట్టింది వాళ్లు దొంగిలించారని కాదు. వాళ్లు జన్యువులు చదివారు, రకాలు దాచారు, ఎవరైనా సరిచూసుకునేట్టు పెట్టారు. నా కె-17ఏ లెయోగ్నథి, కె-17బి మండపమెన్సిస్ అయి ఉండొచ్చు. అటూ ఇటూ అయి ఉండొచ్చు. రెండూ ఒకే జాతిలో రెండు రకాలై ఉండొచ్చు. నిజంగానే ఒకటి నా చేతినుంచే పడి ఉండొచ్చు, శాస్త్రం ప్రకారం ఆ మాట కూడా నేనే చెప్పాలి. కానీ ఇరవైమూడింటిలో ఐదు చేపలు! బతికున్న కల్చరు లేకుండా ఏదీ తేలదు. నోటుపుస్తకం ఉంది. చివరి పేజీలో మా నాయనమ్మ పేరుంది.

పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేనొక పని చేస్తాను. ఎవరైనా ప్లేటు తెచ్చి ఇట్లా వచ్చింది సార్ అంటే, ముందు లైటు తీసేస్తాను. పది నిమిషాలు ఇద్దరం చీకట్లో కూచుంటాం. కంటామినేషన్ అనే మాట ఆ తర్వాతే. చాలాసార్లు అది కంటామినేషనే అవుతది.

పోయిన నెల రేవుకి పోతే కారలు కుప్పపోసి అమ్ముతున్నారు. అలివి వలలు తగ్గిపోయాయి, ఇవి మరబోటువి. కిలో కొన్నాను. మా ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. ఒక పళ్లెంలో పరిచి, ఉప్పునీళ్లు చిలకరించి, వంటింటి గట్టు మీద పెట్టాను. మా అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటది. ఒక కంటికి శుక్లాల ఆపరేషనయింది, రెండో కన్ను అంతంతమాత్రం. రాత్రి రెండున్నరకి ఆమే నన్ను లేపింది. వంటింట్లో లైటు వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

పళ్లెంలో మూడు చేపలు వెలుగుతున్నాయి, పొట్టల దగ్గర. లోపలికి పోయి అగార్ ప్లేటు ఒకటి తెచ్చాను. కాలేజీ నుంచి సాయంత్రమే తెచ్చిపెట్టుకున్నదే. పళ్లపుల్లతో ఒక చేపని తాకి గీస్తున్నాను.

"నాలుగు" అంది అమ్మ.

"మూడేనమ్మా."

"ఆ అడుగున ఉండేది చూడు. సన్నగా ఉంది."

పైవి పక్కకి జరిపి చూశాను. ఉంది. ప్లేటుని రెండు భాగాలుగా గీత గీసి, మూత మీద నెంబర్లు వేశాను.